బాస్ మన పనిని తన పేరుతో చెప్పుకుంటుంటే, తెలిసింది పక్కవాళ్ళకి ఎందుకు చెప్పాలి?

కాఫీ_చల్లారింది · సోమవారం, రాత్రి 10:48

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. మాదాపూర్‌లో ఒక కంపెనీలో బ్యాకెండ్ పని నాది. పేమెంట్ల రీకన్సిలియేషన్ చూస్తాను. బ్యాంకు నుంచి వచ్చే సెటిల్‌మెంట్ ఫైలుకీ మా లెడ్జర్‌కీ లెక్క కలవాలి, కలవకపోతే ఎందుకు కలవలేదో పొద్దున్నే చెప్పాలి. ఆ మాడ్యూల్ దాదాపు నా చేతుల మీదే పెరిగింది.

పోయిన క్వార్టర్‌లో నేను గీసిన డిజైన్‌ని మా మేనేజర్ పైవాళ్ళ ముందు తనదిగా చూపించాడు. స్లైడ్లలో నా బొమ్మలే, బాణాల రంగు కూడా మార్చలేదు. అప్రైజల్‌లో నాకొచ్చిన మాట: "ఇంకాస్త విజిబిలిటీ పెంచుకోవాలి." శనివారం కాల్‌కి రానంటే "ఓనర్‌షిప్ లేదు" అంటాడు. అరవడు, తిట్టడు. నవ్వుతూనే అంటాడు. అందుకే ఎవరికైనా చెప్పినా నమ్మరు.

ఇప్పుడు కొత్తగా ఒక అబ్బాయి చేరాడు. "నెలాఖరుకల్లా నీకు తెలిసినదంతా వికీలో పెట్టెయ్, అతనికి కేటీ ఇచ్చెయ్" అన్నాడు మేనేజర్. కేటీ అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, తెలిసిన పని అప్పగించడం. నాకు చెయ్యి రావట్లేదు. ఉదాహరణకి ఒక బ్యాంకు, సెలవు వచ్చిందంటే మర్నాడు రెండు రోజుల లావాదేవీలూ కలిపి ఒకే ఫైలులో పంపుతుంది. హెడర్‌లో మాత్రం ఒక్క తేదీయే ఉంటుంది. కోడ్ ఎంత చదివినా ఆ సంగతి తెలీదు, తెల్లవారుజామున లెక్క తేడా వచ్చి తల పట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. అలాంటివి నా బుర్రలో చాలా ఉన్నాయి. అవన్నీ రాసిచ్చేశాక నా అవసరం ఏముంటుంది?

టీమంతా ఇలాగే తయారైంది. గ్రూపులో ప్రశ్న అడిగేవాళ్ళు లేరు, అన్నీ విడివిడి మెసేజ్‌లే. రోజువారీ స్టాండప్ మీటింగ్‌లో "నిన్నటిదే నడుస్తోంది, బ్లాకర్స్ లేవు" అనేసి మైకు ఆపేస్తారు. కోడ్ రివ్యూలో ఎవరూ తప్పు చూపించరు. నేను చేస్తున్నది తప్పా?

---

ముక్కుసూటి · సోమవారం, రాత్రి 10:55

రాయొద్దు. అడిగితే "రాస్తున్నా సార్" అను. నెలాఖరు ప్రతి నెలా వస్తుంది.

---

షిఫ్ట్_బీ · సోమవారం, రాత్రి 11:31

మేడమ్, నాది పరవాడ వైపు బల్క్ డ్రగ్ ప్లాంటు, ప్రొడక్షన్. మీకు బ్యాంకు ఫైలు ఎలాగో మాకు క్రిస్టలైజేషన్ (ద్రావణాన్ని చల్లార్చి గింజ కట్టించడం) అలాగ.

బీఎంఆర్‌లో, అంటే బ్యాచ్ ఎలా తయారుచేయాలో ఉండే రికార్డులో, ఇన్ని గంటల్లో ఇన్ని డిగ్రీలకి చల్లార్చాలి అని ఉంటుందండి. మా దగ్గర పాత ఆపరేటర్ ఒకాయన ఉండేవాడు. రియాక్టర్ సైట్ గ్లాసులోకి టార్చి కొట్టి చూస్తూ ఉండేవాడు. లోపల ద్రావణం పల్చగా మసకబారడం మొదలవగానే రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లోకి వెళ్ళే బ్రైన్ (చల్లటి ఉప్పునీళ్ళు) తగ్గించి, కాసేపు ఆ టెంపరేచర్ దగ్గరే ఆపేవాడు. అలా ఆపితే గింజ బాగా కడుతుంది, సెంట్రిఫ్యూజ్‌లో మదర్ లిక్కర్ (గింజ కట్టాక మిగిలే ద్రవం) చకచకా దిగిపోతుంది. అదే గబగబా చల్లార్చేస్తే సన్న గింజ పడుతుంది. బ్యాగ్ మూసుకుపోతుంది, ఆ షిఫ్టంతా సెంట్రిఫ్యూజ్ దగ్గరే నిలబడాలి.

ఆయన ఇదంతా మా మేనేజర్‌కి అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పేడు. మేనేజర్ దాన్నే ఈల్డ్ పెంచే ప్రాజెక్టు అని పేరు పెట్టి హెడ్డాఫీసులో చూపించి మెచ్చుకోలు తెచ్చుకున్నాడు. సరే, అక్కడితో పోనీ అనుకోవచ్చు. తర్వాత ఒకసారి ఆయన అలాగే ఆపితే బ్యాచ్ టైము దాటిపోయింది. అప్పుడు మెమో మాత్రం ఆపరేటర్‌కి. "నిర్దేశించిన సమయం పాటించలేదు" అని.

ఆ రోజుతో ఆయన టార్చి లాకర్‌లో పెట్టేశాడు. కాగితంలో ఏముంటే అదే, గడియారం చూసుకుని. సన్న గింజ పడ్డా మాట్లాడడు. ఎవరూ ఆయన్ని తప్పు పట్టలేరు కదండీ, అన్నీ రూలు ప్రకారమే. ఆయన కింద నేర్చుకున్న కుర్రాళ్ళకి ఆ మసకబారే క్షణం ఎలా ఉంటుందో ఈరోజుకీ తెలీదు.

---

క్యూఏ_కళ్ళద్దాలు · సోమవారం, రాత్రి 11:50

షిఫ్ట్_బీ గారూ, మీ ఆపరేటర్ మీద నాకు గౌరవమే. కానీ బీఎంఆర్ దాటి హోల్డ్ పెట్టడం, దాన్ని ఎక్కడా రాయకపోవడం జీఎంపీ (మందుల తయారీలో పాటించాల్సిన మంచి పద్ధతులు) కాదు. మంచి పద్ధతి తెలిస్తే చేంజ్ కంట్రోల్ (పద్ధతి మార్చమని అధికారికంగా పెట్టే ప్రతిపాదన) వేసి, డేటా చూపించి, బీఎంఆర్‌నే మార్పించాలి.

---

షిఫ్ట్_బీ · మంగళవారం, ఉదయం 6:12

ఇప్పుడే షిఫ్టు దిగేను. క్యూఏ గారూ, మీరన్నది అక్షరాలా కరెక్టు. ఆ చేంజ్ కంట్రోల్ ఫారంలో ఇనిషియేటర్ (ప్రతిపాదించినవాడు) అనే గడి ఉంటుంది కదా. ఆ గడిలో ఆపరేటర్ పేరు మీరు ఎన్నిసార్లు చూశారు? ఆయన పేరు రాయనిచ్చి ఉంటే ఆ ఫారం ఎప్పుడో మీ టేబుల్ మీదకి వచ్చేది.

---

క్యూఏ_కళ్ళద్దాలు · మంగళవారం, ఉదయం 9:05

నిజమే, ఆ గడిలో ఎప్పుడూ ఎగ్జిక్యూటివ్ పేర్లే ఉంటాయి. ఒక మాట చెప్పాలి. పీఐసీ/ఎస్ (మందుల తయారీని తనిఖీ చేసే వివిధ దేశాల సంస్థల కూటమి) వాళ్ళు 2021లో ఇచ్చిన డేటా ఇంటిగ్రిటీ, అంటే రికార్డులు నమ్మదగ్గవిగా ఉండటం మీద మార్గదర్శకంలో ఆడిట్ ట్రయల్, పాస్‌వర్డుల గురించే కాదు, సంస్థ సంస్కృతి గురించి కూడా రాశారు. కిందివాడు పైవాడిని ప్రశ్నించగలిగే చోటుని ఓపెన్ అనీ, అలా ప్రశ్నించడం, తప్పు జరిగిందని చెప్పడం కష్టమయ్యే చోటుని క్లోజ్డ్ అనీ విడదీశారు. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే మావాళ్ళు లాగ్‌బుక్కులు తుడుస్తారు గానీ ఆ పేజీ తెరవరు.

---

ప్రశ్నావళి · మంగళవారం, ఉదయం 10:20

నేను పీహెచ్‌డీ చేస్తున్నది సరిగ్గా దీని మీదే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, భరించండి.

బెనెట్ టెప్పర్ అనే ఆయన 2000లో కిందివాళ్ళని మాటలతో, చేష్టలతో పదేపదే హింసించే బాస్‌ల గురించి రాసిన పేపర్‌తో ఈ రంగం ఊపందుకుంది. ఆయన కొలబద్దలో 15 వాక్యాలుంటాయి. "నా ఆలోచనలు తెలివితక్కువవి అంటాడు", "బాగా కష్టపడ్డ పనికి కూడా నాకు పేరు రానివ్వడు", ఇలాంటివి. అయితే కాఫీ_చల్లారింది గారి మేనేజర్ లాంటి నవ్వుముఖం మనిషి అందులో పూర్తిగా పట్టుబడడు. 2019లో ష్మిడ్, మరో ఇద్దరు కలిసి దోపిడీ నాయకత్వం అని వేరే కొలబద్ద తయారుచేశారు. స్వార్థం, పేరు కొట్టేయడం, ఒత్తిడి పెట్టడం, కిందివాళ్ళు ఎదగకుండా చూడటం, వాళ్ళని ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పడం లాంటి మాయోపాయాలు అందులోకి వస్తాయి. గొంతు పెంచకుండానే ఇవన్నీ చేయొచ్చని వాళ్ళ వాదన.

ఇటు ఉద్యోగులు ఏం చేస్తారన్నది ఇంకో దారి. 2012లో కేథరిన్ కానెలీ, ఆవిడ సహచరులు తెలిసినది దాచడాన్ని మూడు రకాలుగా విడదీశారు. ఒకటి తప్పించుకోవడం: "చూసి చెప్తా" అని వదిలేయడం, లేదా సగమే చెప్పడం. ఇంకోటి తెలియనట్టు నటించడం. మూడోది కారణం చూపించడం: "అది కాన్ఫిడెన్షియల్, సార్‌ని అడుగు." మూడోదాంట్లో అబద్ధం ఉండాలనేం లేదు, నిజంగానే చెప్పకూడనిది కావచ్చు. ముక్కుసూటి గారు పైన ఇచ్చిన సలహా మొదటి రకానికి పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ ఉదాహరణ.

ఈ రెండింటికీ ముడి ఉందని తర్వాత చాలా దేశాల్లో సర్వేలు చెప్పాయి. కారణం మీకు నేను చెప్పక్కర్లేదు. పేరు, సమయం, ఎదుగుదల అన్నీ లాగేసుకున్నాక మనిషి చేతిలో మిగిలేది బుర్రలో ఉన్నదే. దాన్ని గట్టిగా పట్టుకుంటాడు.

ఒక హెచ్చరిక కూడా. ఈ సర్వేల్లో చాలావరకు బాస్ ఎలాంటివాడో చెప్పేదీ, నేను దాస్తాను అని చెప్పేదీ ఒకే ఉద్యోగి. బాస్ మీద మంట ఉన్నవాడు రెండిటికీ ఘాటుగానే టిక్కు పెడతాడు. కాబట్టి "నిరూపితమైంది" అని ఎవరైనా పోస్టర్ వేస్తే కొంచెం తగ్గించి చదవండి. నా థీసిస్ గైడ్ గురించి మాత్రం అడగొద్దు.

---

ముక్కుసూటి · మంగళవారం, ఉదయం 10:26

పాఠ్యపుస్తకంలోకి ఎక్కినందుకు ధన్యవాదాలు 😄 గైడ్ సంగతి అడుగుతాం.

---

ఆటోనగర్_బాబాయ్ · మంగళవారం, మధ్యాహ్నం 1:40

అందరూ బాస్‌లనే తిడుతున్నారు కాబట్టి ఓనర్ వైపు నుంచి ఒకడు ఉండాలి. మాది విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు. నేను ఎవరి పేరూ కొట్టేయలేదు, జీతం శనివారం శనివారం ఇచ్చేస్తా. అయినా మా మేస్త్రీ కొలత పెట్టేటప్పుడు కుర్రాళ్ళని టీకి పంపిస్తాడు. ఎందుకయ్యా అంటే నవ్వుతాడు. ఆయన గురువూ ఆయనకి అలాగే చేశాడంట. వాడు చూసి నేర్చుకోవాలే తప్ప నేను చెప్పను అంటాడు.

దాచుకోవడం బాస్ వల్లే వచ్చిందంటే నేను ఒప్పుకోను. చేతిలో పనున్న ప్రతివాడూ దాస్తాడు. పైగా నేను నేర్పించినవాళ్ళు ముదిరాక పక్క షెడ్డులో చేరారు. నేర్పినవాడికేం మిగిలింది?

---

ప్రశ్నావళి · మంగళవారం, మధ్యాహ్నం 2:15

బాబాయ్ గారూ, మీ మాటకి బలమైన సాక్షి ఫ్రాన్స్‌లో ఉన్నాడు. మిషెల్ క్రోజియే అనే సోషియాలజిస్టు ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉన్న పొగాకు ఫ్యాక్టరీల్ని చూసి 1960ల్లో రాశాడు. అక్కడ అన్నీ రూల్సే. ఎవరి పని ఎంత, ఎవరి ప్రమోషన్ ఎప్పుడు, అంతా కాగితం మీద ముందే రాసుంటుంది. రూల్‌కి అందనిది ఒక్కటే, మెషీన్ ఎప్పుడు పాడవుతుందో. అది బాగుచేసేది మెయింటెనెన్స్ వాళ్ళు మాత్రమే. మెషీన్ డ్రాయింగులూ, మాన్యువల్సూ ఫ్యాక్టరీలో కనబడకుండా పోయేవి. కొత్తవాడికి నోటిమాటగానే నేర్పేవాళ్ళు, అదీ తమ జట్టులోవాడైతేనే. ఆపరేటర్ స్క్రూ బిగించబోయినా ఊరుకునేవాళ్ళు కాదు.

అక్కడ ఏ మేనేజరూ దుర్మార్గుడు కాదు. కాబట్టి బాస్ చెడ్డవాడు కాకపోయినా దాస్తారు, ఒప్పుకుంటా. కానీ మీ మేస్త్రీ టీకి పంపించేది కుర్రాళ్ళని. మిమ్మల్ని పంపడు కదా? మీకు చూపించడానికి ఆయనకేం భయం లేదు. కాఫీ_చల్లారింది గారి టీమ్‌లో భయమంతా పైవైపు ఉంది.

---

ఆటోనగర్_బాబాయ్ · మంగళవారం, మధ్యాహ్నం 2:31

నన్నూ పంపిస్తాడు.

---

నైట్‌డ్యూటీ_సిస్టర్ · మంగళవారం, సాయంత్రం 5:02

పైకి, పక్కకి అన్న తేడా మీద ఒక మాట. నేను కార్పొరేట్ హాస్పిటల్ ఐసీయూలో నర్సుని.

మా ఇన్‌ఛార్జ్ మేడమ్ అందరి ముందూ అరుస్తారు, పేషెంటు అటెండర్ల ముందు కూడా. లీవు అడిగితే పెట్టిన కాగితం కనిపించదు. అయినా మేం ఒకరికొకరం ఏదీ దాచుకోం. దాస్తే ప్రాణం పోతుంది, మా ఉద్యోగం అలాంటిది. బెడ్డు పక్కన హ్యాండోవర్ ఇచ్చేటప్పుడు "ఈ పంపు అలారం పాడైంది, నమ్మకు, ప్రతి గంటకీ సిరంజి గీత నువ్వే చూసుకో" అని చెవిలో చెప్పే వెళ్తాం. మేడమ్ లేని వాట్సాప్ గ్రూపు ఒకటుంది, అసలు వార్డు నడిచేది దాంట్లోనే. కానీ ఆ పంపు గురించి ఇన్సిడెంట్ ఫారం ఎవరూ నింపరు. నింపితే మొదటి ప్రశ్న "ఆ టైములో డ్యూటీలో ఎవరు?" పరికరాలు బాగుచేసే బయోమెడికల్ వాళ్ళకి తెలీదు కాబట్టి ఆ పంపు అలాగే ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకి తిరుగుతుంది. అక్కడి సిస్టర్లు మా గ్రూపులో ఉండరు.

పైకి చూస్తే మాది ఏ తప్పులూ జరగని వార్డు. రిజిస్టర్ అంత శుభ్రంగా ఉంటుంది.

---

ప్రశ్నావళి · మంగళవారం, సాయంత్రం 5:40

సిస్టర్, మీరు చెప్పింది ఎమీ ఎడ్మండ్సన్ 1990ల్లో హాస్పిటళ్ళలోనే చూశారు. మందుల పొరపాట్లు మంచి టీముల్లో తక్కువ ఉంటాయనుకుని లెక్క తీస్తే తిరగబడింది. మంచి నాయకత్వం ఉన్న యూనిట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. వాళ్ళు ఎక్కువ చేస్తున్నారని కాదు, భయం లేక చెప్తున్నారు. టీముల్లో భయం లేకుండా మాట్లాడగలగడం మీద 1999 నాటి ఆవిడ ప్రసిద్ధ పేపర్‌కి బీజం అక్కడ పడింది.

పెద్ద స్థాయిలో చూడాలంటే నోకియా. క్వీ హుయ్, టిమో వూరి అనే పరిశోధకులు 2016లో రాసినదాని ప్రకారం పైవాళ్ళు మార్కెట్‌కి భయపడ్డారు, మధ్యలో మేనేజర్లు పైవాళ్ళకి భయపడ్డారు. ఐఫోన్‌కి పోటీగా సాఫ్ట్‌వేర్ సిద్ధం కావడానికి నిజంగా ఎంత టైము పడుతుందో పైకి చెప్పే ధైర్యం మధ్యవాళ్ళకి లేకపోయింది. తెలిసినవాళ్ళు లేక కాదు.

---

పాతఫైలు · మంగళవారం, రాత్రి 9:18

నేను గవర్నమెంటు ఆఫీసుల సీనియర్ అసిస్టెంట్‌ని. జిల్లా పేరు ఒద్దు.

మా దగ్గర ఒక్క మంచి ఉన్నది. ఫైల్ల నోట్ ఎవరు పుటప్ చేసిండ్రో కింద ఎడమ దిక్కు వాళ్ళ ఇనీషియల్ ఉంటది. సూపరింటెండెంట్, ఆఫీసర్ కుడి దిక్కు సంతకం పెడతరు. పదేండ్ల తర్వాత ఎవరు తీసినా ఈ నోట్ రాసింది ఎవడో తెలుస్తది. ఈ-ఆఫీస్ వచ్చినంక అయితే టైముతో సహా ఉంటది. గందుకే నోట్ ఫైల్ల నేను మనసుపెట్టి రాస్త. ఏ జీవో నడుస్తున్నది, ఏది రద్దయింది, పాత క్లారిఫికేషన్ మెమో ఏం చెప్తది, అన్నీ ఎక్కిస్త. చదివే జూనియర్‌కు అదే పాఠం.

ఇగ వీసీ (వీడియో కాన్ఫరెన్స్) ఉంటదంటే కథ వేరే. రాత్రి దాక కూసొవెట్టి స్లైడ్లు, స్టేట్‌మెంట్లు చేపిస్తరు. దాంట్ల ఎవని పేరూ ఉండదు. పొద్దుగాల సార్ చదువుతడు, మెచ్చుకుంటె సార్‌ను మెచ్చుకుంటరు. లెక్క తప్పితె "సెక్షన్ వాళ్ళు ఇచ్చిన్రు" అంటడు. ఆ స్టేట్‌మెంట్ ఎట్ల తయారైతదో, ఏ రిజిస్టర్ల ఏ కాలం కూడాల్నో నేను ఎవ్వనికి చెప్పలె. చెప్ప గూడ. అడిగిన జూనియర్‌కు "నాకు గూడ అంతంతే తెలుసు తమ్మీ" అన్న.

మనిషిని నేనొక్కన్నే. ఒక కాడ అంత ఇస్త, ఒక కాడ ఏమియ్య.

---

షిఫ్ట్_బీ · మంగళవారం, రాత్రి 9:44

పాతఫైలు అన్నా, ఎడమవైపు ఇనీషియల్ అన్నారు చూశారా, మా ఇనిషియేటర్ గడి సంగతీ అదేనండి.

---

ప్లేనో_నుంచి · బుధవారం, ఉదయం 8:10

ఇక్కడ టెక్సాస్‌లో రాత్రి. హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నవాడిగా నా రెండు సెంట్లు... క్షమించాలి, రెండు రూపాయలు.

కాఫీ_చల్లారింది గారూ, మీ బుర్రలో ఉన్నది మీ ఉద్యోగాన్ని కాపాడుతుందన్న నమ్మకం వదిలేయండి. నా వెనకటి మేనేజర్ మనవాడే, తెలుగువాడే. ఉద్యోగం పోతే ఇక్కడ 60 రోజుల్లో ఇంకొకటి చూసుకోవాలి, లేదా సర్దుకోవాలి. ఆ లెక్క అతనికి నాకన్నా బాగా తెలుసు. ఆదివారం ఫోన్లు, "గ్రీన్ కార్డ్ ఫైలింగ్ నా చేతిలోనే ఉంది కదా తమ్ముడూ" అన్న మాటలు, అన్నీ పడ్డాను. నేనూ మీలాగే ఒక పాత సిస్టమ్ కీలకాలన్నీ నా దగ్గరే పెట్టుకున్నా. నేను లేకపోతే నడవదు అనుకున్నా. లేఆఫ్ లిస్టు తయారుచేసినవాళ్ళకి ఆ సిస్టమ్ పేరు కూడా తెలీదు. ఎక్సెల్ షీట్‌లో ఒక వరుస, దాని పక్కన జీతం. అంతే.

2015లో ఓర్లాండోలో డిస్నీ ఐటీ వాళ్ళ కథ గుర్తుందా? ఉద్యోగాలు పోయి వెళ్ళేముందు తమ స్థానంలోకి వచ్చినవాళ్ళకి తామే పని నేర్పించాల్సి వచ్చింది. వచ్చినవాళ్ళలో చాలామంది హెచ్1బీ మీద వచ్చినవాళ్ళు. దాచుకున్నా, ఇచ్చుకున్నా ఆ లిస్టు మారదు.

---

కొత్తగా_చేరిన · బుధవారం, మధ్యాహ్నం 12:52

ఇంతసేపూ అందరూ దాచేవాళ్ళ వైపు నుంచే మాట్లాడుతున్నారు. నేను అవతలి వైపు.

ఇంకో కంపెనీ, ఇంకో టీమ్, కానీ ఆ "కొత్త అబ్బాయి" స్థానంలో నేనున్నా. అక్కా, ఈ జాబ్ ఎందుకు ఫెయిల్ అవుతోంది అంటే "లాగ్స్ చూడు" అంటారు. ఏ లాగ్ చూడాలో చెప్పరు. డాక్యుమెంట్ లింక్ అడిగితే యాక్సెస్ లేని లింక్ ఇస్తారు. యాక్సెస్ అడిగితే రెండు రోజులు పలకరు. మేనేజర్ నన్ను నిలదీస్తే అప్పుడు అందరిముందూ "నన్ను అడగొచ్చు కదా" అంటారు. మా సీనియర్లకి మేనేజర్ మీద కోపం ఉందని నాకు తర్వాత తెలిసింది. ఆ కోపం ఒక్క రోజు కూడా మేనేజర్‌కి తగల్లేదు. ఆయన డాష్‌బోర్డ్‌లో అన్నీ పచ్చగానే ఉన్నాయి. ప్రొబేషన్ పొడిగించింది నాకు.

ఇప్పుడు నాకు ఆ జాబ్ ఎందుకు ఫెయిల్ అవుతుందో తెలుసు. నా తర్వాత ఇంటర్న్ వచ్చింది. నిన్న అడిగింది. "లాగ్స్ చూడు" అన్నాను.

---

ప్రశ్నావళి · బుధవారం, మధ్యాహ్నం 1:30

ఇది ఇలా తిరిగి తిరిగి దాచినవాళ్ళ దగ్గరికే వస్తుందని మతెయ్ చెర్నె బృందం 2014లో రాసింది. నేను దాస్తే పక్కవాడు నన్ను నమ్మడం మానేస్తాడు, అతనూ నాకు చెప్పడు. చివరికి కొత్త ఆలోచనలు తగ్గేది నాకే. ఒకరినొకరు దాటాలన్న పోటీ ఉన్న టీముల్లో ఇది ముదురుతుంది, నేర్చుకోవడానికి విలువ ఉన్నచోట నెమ్మదిస్తుంది. బెల్ కర్వ్ రేటింగులు (ఇంతమందికే మంచి రేటింగు అన్న లెక్క) పెట్టి "నాలెడ్జ్ షేరింగ్ డే" జరిపే కంపెనీలకి ఎవరైనా ఈ పేపర్ ఫ్రేము కట్టించి ఇవ్వాలి.

---

హెచ్ఆర్_ని_నేనే · బుధవారం, మధ్యాహ్నం 3:05

రాళ్ళు వేయడానికి సిద్ధంగా ఉండండి, హెచ్‌ఆర్ వచ్చింది.

మన దేశంలో 2013 చట్టం పని చోట మహిళలపై లైంగిక వేధింపుల గురించి. మామూలు బాస్ వేధింపుకి, పేరు కొట్టేయడానికి విడిగా చట్టం లేదు. జపాన్‌లో ఉంది: పదవి బలంతో చేసే వేధింపుని ఆపే బాధ్యతను 2020 జూన్‌లో పెద్ద కంపెనీల మీద, 2022 ఏప్రిల్‌లో చిన్నవాటి మీద పెట్టారు. ఫ్రాన్స్‌లో ఏకంగా క్రిమినల్ నేరం. ఫ్రాన్స్ టెలికామ్ 22,000 మందిని ఎలాగైనా వెళ్ళిపోయేలా చేయాలని పెట్టిన ఒత్తిడికి 2019 డిసెంబర్‌లో పారిస్ కోర్టు పాత సీఈఓకి జైలు శిక్ష వేసింది, కొంత భాగం సస్పెండ్ చేసి. కంపెనీకి 75,000 యూరోల జరిమానా. అంత కంపెనీకి అది కాఫీ ఖర్చు. 2022లో అప్పీలులో సీఈఓ జైలు శిక్ష మొత్తం సస్పెండ్ అయింది, కానీ నేరమన్న తీర్పు నిలిచింది.

ఇక్కడ మా దగ్గరికి ఫిర్యాదు వస్తే మేం మొదట అడిగేది ఆధారం. "నా ఐడియా తీసుకున్నాడు" అంటే మా ఫారంలో ఆ గడి లేదు. కాబట్టి ఫిర్యాదుకన్నా ముందు మీ పేరు ఎక్కడెక్కడ ఉండాలో అక్కడ ఉండేలా చూసుకోండి.

---

ముక్కుసూటి · బుధవారం, మధ్యాహ్నం 3:11

హెచ్‌ఆర్ మేడమ్ చెప్పింది మొదటిసారి ఉపయోగపడింది. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

---

పర్యవేక్షకుడు · బుధవారం, సాయంత్రం 4:00

ఒక సభ్యుడు కంపెనీ పేరు, మేనేజర్ ఇంటిపేరుతో సహా పెట్టారు. తీసేశాం. దయచేసి పేర్లు వద్దు.

---

కాఫీ_చల్లారింది · గురువారం, రాత్రి 9:37

అందరివీ చదివాను. కొత్తగా_చేరిన గారి పోస్టు కొంచెం గట్టిగానే తగిలింది, ఎందుకంటే మా టీమ్‌లో కొత్త అబ్బాయి నిన్న అడిగిన ప్రశ్న దాదాపు అదే.

నా దగ్గరున్నదాన్ని రెండుగా విడదీశా. రాత్రి ఆన్‌కాల్‌లో ఎవరున్నా కావలసినవి ఒక వైపు. ఆ బ్యాంకు తేదీ గొడవ, ఒకే ఫైలు రెండోసారి వస్తే ఏం చేయాలి, రీఫండ్ మైనస్‌లో చూపించే బ్యాంకు ఏది, ఇలాంటివి. ఇవి దాస్తే దెబ్బ తినేది డబ్బు తిరిగి రాక ఎదురుచూసే కస్టమరూ, రెండు గంటలకి లేచే ఆ అబ్బాయీ. మేనేజర్ నిద్రపోతుంటాడు. ఇవి రన్‌బుక్‌లో (సమస్య వస్తే ఏం చేయాలో చెప్పే డాక్యుమెంట్‌లో) రాయడం మొదలుపెట్టా, మొదటి ముక్క అతనితోనే రాయించా, నేను పక్కన కూర్చుని.

రెండో వైపు, వచ్చే ఏడాదికి ఈ మాడ్యూల్‌ని ఎలా మార్చాలన్న నా ఆలోచన. దాన్ని వికీలో పెట్టను, మేనేజర్‌కి ముందుగా మెయిల్ చేయను. నెల నెలా అన్ని టీములూ వచ్చే టెక్ టాక్ ఉంటుంది, అందులో నా పేరు ఇచ్చా. ముందు నేను మాట్లాడతా, ఆ తర్వాత ఎవరు స్లైడ్లు ఎత్తుకున్నా సరే. "నాకెందుకు ముందు చూపించలేదు" అని అడుగుతాడని తెలుసు. "విజిబిలిటీ పెంచుకోమన్నారు కదా సార్" అంటా.

ప్లేనో గారూ, మీరు చెప్పింది అర్థమైంది. బయట ఇంటర్వ్యూలు కూడా మొదలుపెట్టా.

---

ఆటోనగర్_బాబాయ్ · గురువారం, రాత్రి 10:15

పక్కన కూర్చుని రాయించడం బాగుందమ్మా. పాతఫైలు గారు సంతకం గురించి చెప్పింది చదివాక మేస్త్రీతో మాట్లాడా. బాడీ మీద మా షెడ్డు పేరు పెయింట్ చేస్తాం కదా, కింద చిన్నగా కట్టిన మేస్త్రీ పేరు కూడా వేయిస్తానన్నా. కుర్రాళ్ళ పేర్లు కూడానా అని అడిగాడు. అదేంటో ఇంకా తేలలేదు.

---

పాతఫైలు · గురువారం, రాత్రి 10:40

బాబాయ్, ఆయన పేరు పక్కన కుర్రోళ్ళ పేరు ఆయననే రాయమను. అప్పుడు ఎవనికి ఏం వచ్చో ఆయనకే ఫికర్ ఉంటది.

---

మౌన_పాఠకుడు · శుక్రవారం, ఉదయం 7:58

మొదటి పోస్టు పెడుతున్నా, చిన్న డౌటు. మా దగ్గర నేను రాసిన వికీ పేజీలకి మేనేజర్ "ఓనర్" అని తన పేరు పెట్టేసుకుంటాడు. దానికేం చేయాలి?

---

కాఫీ_చల్లారింది · శుక్రవారం, ఉదయం 8:20

ఓనర్ పేరు మార్చినా పేజీ హిస్టరీ సాధారణంగా అలాగే ఉంటుంది. మొదటి వెర్షన్ ఎవరిదో, ఏ తేదీదో అందులో కనిపిస్తుంది. కాకపోతే మీరు ఎక్కడో రాసుకుని అక్కడ పేస్ట్ చేయించకండి, మొదటి నుంచీ మీ లాగిన్‌తోనే రాయండి. అతను వేరే పేజీలోకి కాపీ చేసుకుంటే మాత్రం హిస్టరీ వెంట రాదు. అందుకని రాయగానే లింకు టీమ్ గ్రూపులో పెట్టేయండి, "ఇందులో తప్పులుంటే చెప్పండి" అని. నలుగురు చూసిన పేజీని ఎత్తుకోవడం కొంచెం కష్టం.